ఆడవాళ్ల తలుపు

1936 అక్టోబరు 6, మంగళవారం

ఈ ఉదయం నాన్న క్యారేజీ కడగబోతే అడుగు గిన్నెలో పాస్టీ కొస దొరికింది. మడిచి నొక్కిన అంచు దగ్గర విరిచిన బొటనవేలంత ముక్క. కాగితంలో చుట్టి ఉంది. నిన్నటిది.

ఆ కొస ఎప్పుడూ ఇంటికి రాదు. గనిలో రాతి వెనక తట్టే బుల్లి మనుషులకి వదిలేసి వస్తాడు. కప్పు కూలబోయే ముందు వాళ్లే తట్టి చెబుతారట. వాళ్ల వాటా పెట్టనివాడికి చెప్పరట. ఇది మా ఐరిష్ వాళ్ల నమ్మకం కాదు. నాన్నలాగే సముద్రం దాటి ఈ రాగి గనులకి వచ్చి, ఇన్నేళ్లూ ఆయనకి జోడీగా పనిచేసిన కార్నిష్ మనిషి జబెజ్ బాబాయి నేర్పింది. పిండిలో మాంసం, దుంపలు పెట్టి పాస్టీ మడవడం కూడా ఆయనే అమ్మకి నేర్పాడు. అమ్మ పోయాక నేను మడుస్తున్నాను. బాబాయికి రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. కంపెనీ డాక్టరు పనికి పనికిరాడన్నాడు. సెప్టెంబరులో సొంత దేశం వెళ్లిపోయాడు. బ్యాండు మేళంతో పంపించారు.

కొస విరిచి ఉంది. వదలడానికి చోటు లేకపోయింది. అంటే నాన్న నిన్న గనిలోకి దిగలేదు.

మరిచిపోయి ఉంటాడు.

అక్టోబరు 7, బుధవారం

మళ్లీ కొస. పిచ్చుకలకి వేశాను.

అక్టోబరు 9, శుక్రవారం

శుక్రవారం కాబట్టి మాంసం లేకుండా గుడ్డూ ఉల్లిపాయా పెట్టి చేశాను. మళ్లీ కొస వచ్చింది.

భోజనం దగ్గర నాన్న చేతులు చూశాను. రాగి నీళ్లు పట్టిన పచ్చదనం ఆయన గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఉంటుంది. అందరి నాన్నల చేతులూ అలాగే ఉంటాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు గోళ్లు తెల్లబడ్డాయి, గుడిలో ఫాదరు గారి గోళ్లలా. షిఫ్టు అయ్యాక గని దగ్గరే స్నానం చేసి బట్టలు మార్చుకుని వస్తారు కాబట్టి బట్టలు ఏమీ చెప్పవు. జీతం మాత్రం ఎప్పటిలాగే టీ డబ్బాలో పడుతోంది. ఎక్కడి నుంచి?

సాయంత్రం నేను జీతం లేకుండా సాయం చేసే లైబ్రరీకి డిన్నీ లౌనీ వచ్చాడు. నాన్న గుంపులోనే పని. వారం వారం వస్తాడు. మొదటిసారి కార్డు మీద పేరు నేనే రాశాను, చేతికి దెబ్బ తగిలిందన్నాడు. ఇవాళ ధ్రువయాత్రల మీద ఒక లావుపాటి పుస్తకం చంకన పెట్టుకున్నాడు. పోయినసారిది ఎలా ఉందని అడిగాను.

"బరువుగా ఉంది, నోనీ గారూ" అన్నాడు.

నాన్న పని ఎలా చేస్తున్నాడని అడిగితే చెవులు ఎర్రబడ్డాయి. ఎద్దులా చేస్తున్నాడన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారు. నా మీద కాపలాకి నాన్నే ఇతన్ని లైబ్రరీకి పంపుతున్నాడేమో. లేకపోతే వారం వారం ఎందుకు వస్తాడు?

అక్టోబరు 10, శనివారం

కొస చుట్టిన కాగితాన్ని ఈసారి పారేయలేదు, విప్పి చూశాను. గ్లాసుల కింద వేసే కాగితం. మీద కోడిపుంజు బొమ్మ ఉంది. ఈ ఊళ్లో కోడిపుంజు పాస్కో హోటల్ ఒక్కదానికే.

పాస్కో హోటల్లో ఎవరెవరు దిగుతారని మామూలుగా అడిగినట్టు అబీనా అత్తని అడిగాను. అత్త నాన్నకి అక్క, మాతోనే ఉంటుంది. బఠాణీలు ఒలుస్తూ తల ఎత్తకుండానే చెప్పింది.

"థెర్జా పాస్కో హోటలా? ఇద్దరు మొగుళ్లని పాతిపెట్టింది. మూడోవాడికి కొలతలు తీస్తూ ఉంటుంది. ఎందుకే?"

ఊరికే, అన్నాను.

అక్టోబరు 13, మంగళవారం

వాన పడుతుంటే తలదాచుకోవడానికి పాస్కో హోటల్‌కి వెళ్లాను. వెళ్లేటప్పటికి వాన పెద్దగా లేదు.

ముందు తలుపు మగవాళ్లది. పక్క సందులో ఆడవాళ్ల తలుపు ఉంటుంది. లోపల ఒక బల్ల, రెండు బెంచీలు, ఇనప పొయ్యి పట్టేంత గది. గోడలో చిన్న కిటికీ. తలుపు రెక్క జరిపితే బారు కౌంటరు వెనక వైపు కనిపిస్తుంది. అటు నుంచి గ్లాసు ఇస్తారు, ఇటు నుంచి అందుకోవాలి. ఎవరూ ఎవరి మొహం చూడనక్కర్లేదు. మా స్కూల్లో ఫాదరుకి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తన గది ఇలాగే ఉండేది, పొయ్యి తప్ప.

కౌంటరు వెనక ముదురు చెక్క అల్మరా, కప్పు దాకా ఉంది. దాని మీద పై వరసలో బోర్లించిన గ్లాసులు. గనిలో పోయిన వాడి గ్లాసు అక్కడ బోర్లిస్తారు, మళ్లీ ఎవరూ ముట్టుకోరు. ఊరు విడిచి వెళ్లేవాడు తన గ్లాసు తనతో తీసుకుపోతాడు. ఇదంతా చిన్నప్పుడు నాన్న చెప్పిందే. చూడడం ఇవాళే.

కిటికీలోంచి మిసెస్ పాస్కో వంగి చూసింది. బలమైన చేతులు, నెరిసిన జుట్టు. నేను ఊహించిన మనిషి కాదు. జెర్ లెహేన్ కూతురివి కదూ అని అడిగింది. అబద్ధం చెప్పే లోపే తల ఊగింది. షెర్రీ వైన్ పోసి, డబ్బు వద్దంది.

"మీ స్కూలు సిస్టర్లు చూస్తే నీ కోసం తొమ్మిది రోజుల ప్రార్థన మొదలెడతారు అమ్మాయ్. తొందరగా తాగు."

నాన్న బారులో లేడు. నేను గ్లాసులో పెదవులు తడిపాను, అంతే. పుస్తకం తెచ్చుకున్నందుకు కొంచెం చదివాను. పొయ్యి వెచ్చగా ఉంది. లేచేసరికి అధ్యాయం అయిపోయింది, గ్లాసు ఖాళీగా ఉంది.

వచ్చేస్తుంటే చూశాను. మిసెస్ పాస్కో ఒక గ్లాసు కడిగి, పళ్లెంలో పెట్టుకుని మేడ మెట్లెక్కింది. అంచున నీలిగీత, ఒక చోట పెచ్చు లేచిన గ్లాసు. అది జబెజ్ బాబాయిది. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు కూడా జేబులోంచి అదే తీసేవాడు. మనిషి వెళ్లిపోయాక గ్లాసు ఇక్కడెందుకుంది?

అక్టోబరు 14, బుధవారం

నాన్న తన జోడీ గ్లాసులో, జోడీ లేనప్పుడు, ఆ మేడ మీద తాగుతున్నాడు. ఇంకేముంటుంది.

అక్టోబరు 16, శుక్రవారం

కింద ఎలా ఉంది నాన్నా అని అడిగాను. చెప్పాడు. కొత్త సొరంగంలో నీళ్లు ఊరుతున్నాయట. దూలాలు వేసేవాళ్లు సోమరిపోతులట. పక్క గుంపు మ్యాట్ హెగార్టీ తన టీ తానే ఒలకబోసుకుని డిన్నీని తిట్టాడట. మ్యాట్ తిట్టే తీరు అభినయించి చూపిస్తే అత్త కళ్లు తుడుచుకునేంత నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంత బాగా అబద్ధం చెప్పగలడని తెలియదు. ఇంతకు ముందు చెప్పినవాటిలో ఎన్ని ఇలాంటివో.

పడుకోబోయే ముందు నా తల మీద చెయ్యి వేసి, "చిక్కిపోయావు తల్లీ. ఆ లైబ్రరీ దుమ్ము నీకు పడదేమో" అన్నాడు. దుమ్ము మాట ఆయన ఎత్తాడు. ఆయన చేతికి కర్పూరం నూనె వాసన ఉంది. ఆడవాళ్ల పడకగదిలో వచ్చే వాసన అనుకున్నాను. అలాంటి గదిలో ఏ వాసన వస్తుందో నాకెలా తెలుసు? మా ఇంట్లో సబ్బు వాసన తప్ప ఇంకోటి రాదు.

అక్టోబరు 19, సోమవారం

మళ్లీ వెళ్లాను. ఇక వాన వంక పెట్టను. పొయ్యి పక్క బెంచీ మీద నాకొక మెత్త వేసి ఉంది. ఎవరు వేశారో, ఎందుకు వేశారో. మనిషిని మంచి చేసుకోవడానికి మెత్త చాలనుకున్నట్టుంది.

కిటికీకి అటువైపు రాత్రి షిఫ్టు దిగిన వాళ్లు తాగుతున్నారు. నా తల మీద, కప్పుకి అవతల, దగ్గు వినిపించింది. తెరలు తెరలుగా. ఆ తర్వాత నాన్న గొంతు. మాటలు తెలియలేదు. నేను చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే మాట్లాడే గొంతు అది. ఆ గొంతు నా ఒక్కదాని కోసమే అనుకునేదాన్ని.

మిసెస్ పాస్కోని గట్టిగా అడిగాను. 

"పైన ఎవరున్నారు?"

"అతిథులు. ఇది హోటలు కదా అమ్మాయ్."

"మా నాన్న ఉన్నాడు."

ఆమె గ్లాసు తుడవడం ఆపలేదు. "నువ్వు చదువుకున్నదానివి. చూసిన ప్రతిదీ తెలిసినట్టు కాదని చదువులో చెప్పలేదా?" అని కిటికీ రెక్క మూసేసింది.

అంతకంటే ఒప్పుకోలు ఏముంటుంది?

అత్తకి చెప్పేస్తే ఈ ఇల్లు ఇక ఉండదు. చెప్పకపోతే రోజూ పొద్దున్నే లేచి మిసెస్ పాస్కో మేడ మీద తినడానికి నేను పాస్టీ మడవాలి. ఆదివారం ఫాదరు గారికి చెబుతాను.

అక్టోబరు 21, బుధవారం

మొదటి నుంచి రాస్తాను.

పొద్దున పది దాటాక సైరన్ మోగింది. ఈ ఊళ్లో గనులు ఎన్నో. సైరన్ మోగితే ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి, ఎవరిదో అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పరుగున వచ్చిన పిల్లలు మా గని పేరు చెప్పారు. అత్త చెప్పులు లేకుండానే బయల్దేరింది.

గేటు దగ్గర బిళ్లల పలక ఉంటుంది. దిగేటప్పుడు ఎవరి ఇత్తడి బిళ్ల వాళ్లు కొక్కెం నుంచి తీసుకుపోవాలి, పైకి వచ్చాక తగిలించాలి. మేము వెళ్లేసరికి మిగతా అందరినీ పైకి తెచ్చేశారు. రెండు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి డిన్నీది. రెండోది నాన్నది.

కొత్త సొరంగం కప్పు కూలిందట. గుంపులో మిగిలినవాళ్లు దెబ్బలతో అప్పటికే ఆసుపత్రికి వెళ్లిపోయారు, డిన్నీని అప్పుడే పైకి తెచ్చారు. మొహం సున్నంలా ఉంది, స్పృహ లేదు, ఎడమ కాలు చూడలేకపోయాను. జెర్ లెహేన్ అవతల ఉండిపోయాడని మేస్త్రీ అన్నాడు. కప్పు ఇంకా రాలుతోంది. ఐనా మ్యాట్ హెగార్టీ, ఇంకో ముగ్గురు గనిలోకి దించే బోను ఎక్కుతున్నారు. మ్యాట్ భార్య నా పక్కనే నిలబడి ఉంది. మొగుడిని ఆపలేదు. నా భుజం పట్టుకుని, ఓర్చుకో తల్లీ, మీ నాన్నని తెస్తారు అంది.

నాన్న అబద్ధమాడుతున్నాడని రెండు వారాలుగా రుజువులు పోగేశాను. ఇప్పుడు అవన్నీ నిజం కావాలని మొక్కుకున్నాను. దేవా, మా నాన్న అబద్ధాలకోరు కావాలి. మిసెస్ పాస్కో మేడ మీదే ఉండాలి. నా ప్రార్థనల్లో ఇంత గట్టిగా మొక్కినది ఇంకోటి లేదు.

మేస్త్రీకి చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ నా అనుమానం తప్పైతే? నా మాట విని వాళ్లు తవ్వడం ఆపితే, నాన్న నిజంగా అక్కడే ఉంటే? చెప్పకపోతే, ఎవరూ లేని చోట ఎవరి కోసమో ఆ నలుగురూ పోతారు. నా దగ్గర ఉన్నది పాస్టీ కొసలు, ఒక దగ్గు. అంతే.

కొండ దిగి పరుగెత్తాను. ఆడవాళ్ల తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టాను, ఎవరూ రాలేదు. సందులోంచి తిరిగి ముందు వైపుకు వచ్చాను. ఆ తలుపు గుండా ఈ ఊరి ఆడది ఎవరూ లోపలికి వెళ్లడం నేను వినలేదు.

బారు నిండా మగవాళ్లు. ఎవరూ తాగడం లేదు, అందరి టోపీలూ చేతుల్లో ఉన్నాయి. కౌంటరు మధ్యలో నాన్న గ్లాసు బోర్లించి ఉంది. అప్పుడే. ఒక ముసలాయన అలవాటుగా "అమ్మాయ్, ఆడవాళ్ల తలుపు" అని మొదలుపెట్టి, నేనెవరో గుర్తుపట్టి ఆపేశాడు. దారి ఇచ్చారు. గ్లాసు కోసం వచ్చాననుకున్నారు. కౌంటరు వెనక్కి వెళ్లి మెట్లెక్కాను.

మేడ మీద మొదటి గదిలో నాన్న మంచం మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో, వీపు ఆయన ఛాతీకి ఆనించి, జబెజ్ బాబాయి. రెండు చేతులతో ఆయన్ని నిటారుగా పట్టుకున్నాడు. బాబాయి పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కన మిసెస్ పాస్కో బేసిన్ పట్టుకుని ఉంది. గది నిండా కర్పూరం నూనె.

"నోనీ" అన్నాడు నాన్న.

"మన గనే నాన్నా. డిన్నీని తెచ్చారు. నీ బిళ్ల పలక మీద లేదు. మ్యాట్ వాళ్లు నీ కోసం దిగుతున్నారు."

ఒక్క ప్రశ్న వేయలేదు.

"ఇటు రా. నా చోట కూర్చో. పడుకోనివ్వకు, పడుకుంటే ఊపిరి ఆడదు" అన్నాడు. నేను మంచమెక్కి, ఆయన లేస్తుండగానే ఆయన చోటులోకి జరిగాను. బరువు ఒక ఒళ్లో నుంచి ఇంకో ఒళ్లోకి మారింది. చాలా తక్కువ బరువు. మెట్ల మీద నాన్న పరుగు వినిపించింది, ఆ తర్వాత కింద బారులో ఒకేసారి కుర్చీలన్నీ జరిగిన చప్పుడు.

తర్వాత మిసెస్ పాస్కో చెప్పింది. బాబాయి ఆమెకి పినతల్లి కొడుకు. బ్యాండుతో సాగనంపిన రోజు రైల్లో పక్క స్టేషను దాటకుండానే నెత్తురు కక్కుకున్నాడట. అంత ఘనంగా పంపినవాళ్లకి మళ్లీ మొహం చూపించలేనన్నాడట. తెలిస్తే సర్కారు వాళ్లు అంటురోగమని తీసుకుపోయి ఎవరూ లేని ఆసుపత్రిలో పడేస్తారు, హోటల్ మూయిస్తారు. అందుకని వెనక మెట్ల గుండా ఎక్కించారు. రాత్రులు ఆమె పట్టుకుంటుంది. పగలు బారు చూసుకోవాలి, అందుకని పగలు నాన్న. జోడీని ఒంటరిగా వదిలేసి ఎవరూ పైకి రారు, అది గనిలో పద్ధతి. గుంపులో వాళ్లు నాన్న వాటా పని పంచుకున్నారు, పక్క గుంపులకి ఈ సంగతి తెలియదు. బిళ్ల మాత్రం రోజూ దిగాలి, ఎక్కాలి. దాన్ని డిన్నీ తన జేబులో వేసుకుని దిగేవాడు.

బాబాయి కళ్లు తెరవలేదు. నా చేతిని తడిమి, నాన్నది కాదని గుర్తుపట్టాడు.

"ఉల్లిపాయ... మీ అమ్మ కంటే ఎక్కువ వేస్తావు" అన్నాడు.

పాస్టీ సగం ఆయన తినేవాడు. కొస విరిచింది ఆయనే. వదలడానికి చోటు లేక నాన్న చేతికి ఇచ్చేవాడట.

నలుగురూ పైకి వచ్చారు. నాన్న కంటే ముందు గేటులోకి ఆయన కేకలు చేరాయట. సాయంత్రం ఆ సొరంగంలో మిగిలిన కప్పు కూడా పడిపోయింది.

అక్టోబరు 22, గురువారం

తెల్లవారుజామున జబెజ్ బాబాయి పోయాడు. నాన్న పట్టుకునే ఉన్నాడు.

అక్టోబరు 26, సోమవారం

నాన్నని పనిలోంచి తీసేశారు. డిన్నీనీ తీసేశారు, కాలు తీసేసిన మర్నాడు. మిగిలిన గుంపు పేర్లు నాన్న చెప్పలేదు. తనూ డిన్నీ తప్ప ఎవరికీ తెలియదని ఇంకో అబద్ధం ఆడాడు. మ్యాట్ భార్య చర్చి మెట్ల మీద నన్ను చూసి మొహం తిప్పుకుంది. నా భుజం మీద ఆమె చెయ్యి వేసిన చోటు నాకు ఇంకా తెలుస్తోంది. అత్త నాన్నతో మాట్లాడడం లేదు. పళ్లెం మాత్రం ముందు ఆయనకే పెడుతోంది.

ఇవాళ పాతిపెట్టడం అయ్యాక అందరూ హోటల్‌కి వెళ్లారు. నేను ఆడవాళ్ల గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాను. బాబాయి నీలిగీత గ్లాసు పై వరసలోకి చేరింది. నాన్న గ్లాసు ఇంకా కౌంటరు మీదే బోర్లించి ఉంది. ఒకసారి బోర్లించాక మళ్లీ నిలబెట్టిన పద్ధతి లేదట, దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియక అలాగే వదిలేశారు. నాన్న తలుపు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

మ్యాట్ హెగార్టీ వెళ్లి ఆ గ్లాసు తీసి నిలబెట్టాడు. నిండా పోయించుకుని తనే తాగాడు. మళ్లీ పోయించి నాన్న వైపు నెట్టాడు.

"నీ కోసం దిగి వచ్చాక గొంతు ఎండిపోయింది. రెండూ నీ ఖాతాలోనే" అన్నాడు.

ఎవరో నవ్వారు. నాన్న లోపలికి వచ్చాడు. మ్యాట్ మంచితనంతో అన్నాడో, జనంలో పెద్దరికం కోసం అన్నాడో. మ్యాట్ మొహమే చూస్తూ ఉన్నాను. ఆ మొహంలో నాకు ఏమీ దొరకలేదు. ప్రతి మొహంలోనూ ఏదో దొరకాలని చూసే నా బుద్ధిని ఏం చేయాలి?

మిసెస్ పాస్కో బారులో నాన్నకి పని ఇస్తానంది. ఆలోచిస్తానన్నాడు. అత్తకి ఇంకా చెప్పలేదు.

నవంబరు 2, సోమవారం. మృతుల ఆత్మల రోజు

గుడిలో అమ్మకి ఒక కొవ్వొత్తి, బాబాయికి ఒకటి. బాబాయి మన మతం కాదని ఫాదరు గారు గుర్తు చేశారు. వెలిగించేశాక గుర్తు చేశారు.

ఆసుపత్రికి వెళ్లాను. డిన్నీ నన్ను చూసి దుప్పటి సర్దుకున్నాడు, లేని కాలి వైపు. నాన్న బిళ్ల ఎందుకు మోశావని అడిగాను. నాన్న అడిగాడా, డబ్బు ఇస్తానన్నాడా. ఇంకా అనుమానమే నాకు.

"ఆయన అడగలేదు. నేనే జేబులోంచి లాక్కున్నా. మీ ఇంట్లో ఇంకెవరి జీతం ఉంది గనక?" అన్నాడు. మళ్లీ తనే, "లైబ్రరీ పుస్తకం ఇంకా తిరిగివ్వలేదు. జరిమానా వేస్తారా?" అన్నాడు.

ధ్రువయాత్రల పుస్తకం మంచం పక్కనే ఉంది. వాళ్లమ్మ తెచ్చిపెట్టిందట. ఎంతవరకు వచ్చావని అడిగాను.

"ఇంకా ఓడ ఎక్కలేదు" అన్నాడు.

కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి పేజీ తీశాను. పైకి చదవడం నాకు ఎప్పుడూ సిగ్గే, స్కూల్లో దానికే మార్కులు పోయేవి. దీపాలు పెట్టేవరకూ చదివాను. పక్క మంచం వాళ్లు కూడా మాటలు ఆపి విన్నారు. ఓడ మంచులో ఇరుక్కుంది. రేపు మళ్లీ వస్తానని చెప్పాను.

డిన్నీకి చదవడం రాదని కార్డు రాసిన రోజే నాకు తెలుసు.